దేనికని అడగని దుకాణం

మా తమ్ముడి డ్రమ్ముల యార్డు ముత్తంగి దగ్గర, బొంబాయి రోడ్డును ఆనుకొని ఉండేది. చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలకు సరుకు నీలి ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వస్తుంది. అవి ఖాళీ అయ్యాక కొనుక్కొచ్చి, కడిగి, ఆరబెట్టి అమ్మడం వాడి వ్యాపారం. మాకున్న కొద్ది పొలం జిన్నారం వైపు. బోరులో వచ్చే నీళ్ళ రంగు చూసి మా నాయన సాగు మానేశాడు. ఆ తర్వాత నేను పేపర్లో చేరాను, వాడు డ్రమ్ముల్లోకి దిగాడు.

యార్డు వాడి పేరున ఉన్నా నడిపింది మా మరదలే. వచ్చిన ప్రతి డ్రమ్మునూ మూత తీసి చూసి రెండు గుంపులు చేయించేది. గ్లూకోజు పాకం, గ్లిసరిను లాంటివి వచ్చినవి లోపలి గోడ వైపు. వాటిని తీపి డ్రమ్ములు అనేవాళ్ళు. ఆమ్లాలు, సాల్వెంట్లు వచ్చినవి రోడ్డు వైపు. అవి ఘాటు డ్రమ్ములు. ఎంత కడిగినా ఘాటు డ్రమ్ము తాను పీల్చుకున్నదాన్ని మెల్లమెల్లగా వదులుతూనే ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకటే నీలం, ఒకటే ఎత్తు.

అందుకే గేట్లోకి ఎవరొచ్చినా కూర్చోమనకముందే "దేనికి?" అని అడిగేవాళ్ళు. ధర సంగతి తర్వాత. నీళ్ళకంటే తీపివి చూపించేవాళ్ళు. డీజిలుకో, సెంట్రింగు పనికో అంటే ఘాటువి. పటాన్‌చెరు దాకా ఆ వరసలో ఉన్న డ్రమ్ముల దుకాణాలన్నిటిలోనూ ఇదే పద్ధతి. బోర్డు మీద రాసి పెట్టుకున్నది కాదు, నోటికి పట్టిన అలవాటు. పెళ్ళి పత్రిక ఇవ్వడానికొచ్చిన చుట్టాన్ని కూడా మా మరదలు "దేనికి?" అని అడిగిందని ఇంట్లో ఏడాదిపాటు ఆమెను ఏడిపించారు.

రింగు రోడ్డు పనులు మొదలయ్యాక యార్డు ముందు మట్టి గుట్టలు లేచాయి. ఈరోజున్న తోవ రేపు ఉండేది కాదు. కొనేవాళ్ళు దూరం నుంచి నీలి గుట్టలను చూసి, రావడానికి దారి కనబడక, ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు. నెలల తరబడి బేరం లేదు. తమ్ముడు పొద్దున గేటు తీసి, కుర్చీ వేసుకొని, పొక్లెయిను మట్టి ఎత్తడం చూస్తూ కూర్చునేవాడు.

అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు, మెడలో టై, భుజాన సంచీ. ఇంటర్నెట్టులో దుకాణం పెట్టించే సాఫ్ట్‌వేరు అమ్ముతున్నాడు. సొంతంగా వెబ్‌సైటు చేయించుకోవడం అప్పట్లో మా తమ్ముడి లాంటివాడికి తాహతుకు మించిన పని. ఇదైతే ఫొటోలు పెట్టుకోవచ్చు, వస్తువు పేరు, ధర రాసుకోవచ్చు. ఎవరైనా ఆర్డరు ఫారం నింపితే ఫోనుకు మెసేజి వస్తుంది. ఎన్ని అమ్ముడుపోయాయో, ఎన్ని మిగిలాయో లెక్క అదే చూసుకుంటుంది. ఎనిమిది వస్తువుల దాకా పూర్తిగా ఉచితం. తొమ్మిదోది పెట్టాలంటే నెలనెలా కట్టాలి.

పటాన్‌చెరులో ఒక నెట్ సెంటరు మూతపడుతుంటే అక్కడి పాత కంప్యూటరు ఒకటి కొనుక్కొచ్చాడు తమ్ముడు. నేను వెళ్ళేసరికి దానికి పసుపు బొట్టు పెట్టి ఉంది.

"అన్నా, సూడు. కిరాయి లేని దుకాణం. షట్టరు లేదు, తాళం లేదు," అన్నాడు.

"తాళం లేని దుకాణంల ఎవడన్న సొరబడ్తడు," అంది మరదలు, గ్లాసులు పెడుతూ.

"నువ్వుండే! నీకన్నిట్ల దొంగలే కనబడ్తరు."

"నిన్ను సేసుకున్నప్పటి సంది గట్లనే అయింది."

ఎనిమిది గళ్ళూ నిండిపోయాయి. యాభై లీటర్లది, నూరు లీటర్లది, రెండు వందలది, వెడల్పు మూతిది, ఇనుప డ్రమ్ము, క్యాన్లు, మూతలు, నల్లాలు. మరదలు తెర మీదికి వంగి చూసింది.

"తీపియేవి, ఘాటుయేవి?"

"రెండు రెండు పెడ్తే గళ్ళు సాలవు. పైసలు కట్టుమంటడు. జెర బేరం కానియ్యి, కడ్దాం."

"మరి ఎట్ల తెలుస్తది?"

"కంప్యూటర్‌కెందుకు తెల్వాలె? నీకు తెలుసు గద. లోడు చేపిచ్చేది నువ్వే గద."

ఆమె సరేనంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

బేరాలు రాసాగాయి. బీదర్ నుంచి, కర్నూలు నుంచి, మేమెన్నడూ పేరు వినని ఊళ్ళ నుంచి. తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. ఫోను మోగితే అన్నం ముందు నుంచి లేచేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఒడియా కూలీలకు హిందీలో పని చెప్పడం నేర్చుకున్నాడు. సాయంత్రాలు మిగిలిన సరుకు లెక్క తెర మీద చూసుకుంటూ, "గింత ముద్దుగ మా నాయన గూడ లెక్క చెప్పలే," అనేవాడు.

వీరభద్రుడి జాతరకు మరదలు బొంతపల్లిలో తల్లిగారింటికి వెళ్ళింది. ఆ రోజుల్లోనే ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. పాలమూరు దిక్కు, మక్తల్ దాటాక ఒక ఊరు. లారీ వచ్చి నిలబడింది. లోపలి గోడ వైపు గుంపు అయిపోయాక కూలీ వచ్చి, రోడ్డు వైపువి ఎక్కించడానికి అడిగాడట, "భయ్యా, అందర్‌వాలా ఖతం. బాహర్‌వాలా భర్‌దూఁ?" అని. తమ్ముడు తెర వంక చూశాడు. రెండు వందల లీటర్ల డ్రమ్ములు ఇంకా చాలా ఉన్నట్టు అందులో కనబడుతోంది. భర్‌దో అన్నాడు. ఇదంతా వాడే తర్వాత నాతో చెప్పాడు. చెప్పినప్పుడు కూడా, "తెర మీద ఉన్నయన్నా, నిజంగనే ఉన్నయి," అన్నాడు.

మరదలు తిరిగొచ్చిన పూట నేను యార్డులోనే ఉన్నాను. చెప్పులు కూడా విడవకుండా, తరిగిపోయిన రోడ్డు వైపు గుంపు దగ్గరికి నడిచింది.

"ఇవెటు పోయినయ్?"

"అమ్మిన," అన్నాడు తమ్ముడు సంతోషంగా. "పాలమూరుకు. లారీ లోడు."

"దేనికి?"

తమ్ముడు ఫోను తీసి ఆర్డరు మెసేజి వెతికాడు.

"నిన్నే. దేనికి తీస్కపోయిండ్రు?"

"ఫారంల పేరుంటది, ఊరుంటది, ఫోన్ నంబరుంటది. దేనికని... ఆ గడి లేదు."

ఆమె తమ్ముడి చేతిలోని ఫోను లాక్కొని నాకిచ్చింది. నేను ఆ నంబరుకు ఫోను చేశాను. ఎత్తినవాడు ఒక దుకాణదారు. బకెట్లు, బిందెలు, డ్రమ్ములు అమ్ముతాడట. జనం దేనికి కొంటున్నారని అడిగాను.

"దేనికేంది సార్? మాకు నీళ్ళ ట్యాంకరు వారానికోపారి వస్తది. నీళ్ళు పట్టుకునేతందుకే. మంచిగున్నయ్ డ్రమ్ములు. ఇంకో లోడు పంపమను."

పక్క దుకాణాల్లో తీపి డ్రమ్ములు కొని, చిన్న లారీ మాట్లాడి వాటిని ఎక్కించుకొని ముగ్గురం బయలుదేరాం. షాద్‌నగర్ దాటాక తమ్ముడు ఒక్కసారి, "కడిగినయే గద," అన్నాడు. ఆమె కిటికీ లోంచి బయటికే చూస్తూ ఉంది.

దుకాణం ముందు ఇంకా కొన్ని డ్రమ్ములు మిగిలి ఉన్నాయి. మరదలు ఒక్కొక్కదాని మూత తిప్పి, మొహం లోపల పెట్టి, అటు కొన్ని, ఇటు కొన్ని జరిపించింది. దుకాణదారు నడుము మీద చేతులు పెట్టుకొని చూశాడు.

"ఏందక్కా, మొగుని మీద అలిగినవా? అమ్మిన సరుకు ఎన్కకు తీస్కపోతున్నవ్."

"అలిగితె డ్రమ్ముల కోసం వస్తనానే? అమ్మినయి ఎవరెవరింట్ల ఉన్నయో చూపియ్యి."

ఆమె మొహం చూసి అతని వేళాకోళం ఆగిపోయింది. షట్టరు దించి వెంట వచ్చాడు.

మొదటి ఇంట్లో డ్రమ్ము ఇంకా నింపలేదు. రెండో ఇంట్లో బట్టలుతకడానికి వాడుతున్నారు. ఒక ఇంట్లో వంటగది గడప పక్కనే పెట్టి, మీద పళ్ళెం మూసి, పళ్ళెంలో చెంబు బోర్లించారు. మరదలు పళ్ళెం తీసి వాసన చూసి నా వంక తిరిగింది. అది ఘాటు డ్రమ్మే. గడప దగ్గర కూర్చున్న ముసలమ్మను అడిగింది.

"తాగుతున్నరా అవ్వా, ఇవి?"

"తాగకేం జేస్తం? మొదాల జెర వాసనొచ్చింది. సర్ఫేసి రెండు మాట్ల కడిగిన. ఇప్పుడేం లేదు."

"ఎవరికన్న పానం బాగలేదా?"

"ఎండలు గద బిడ్డా. అందరికి ఏదో ఒకటి ఉండనే ఉంటది."

తమ్ముడు డ్రమ్మును వంచబోయాడు. ముసలమ్మ పరుగున వచ్చి అంచు పట్టుకుంది.

"నీళ్ళు పారబోస్తున్నరేంది? మీకేమన్న పిస లేసిందా? మల్ల ట్యాంకరు ఎన్నడొస్తదో ఎవనికెరుక! కాళ్ళిరగ్గొడ్త!"

ఇరుగుపొరుగు పోగయ్యారు. తమ్ముడు డ్రమ్ము వదిలి వెనక్కి జరిగాడు. మరదలే చెప్పింది. డ్రమ్ము మాదే, తప్పు మాదే, ఇందులో మందుల కంపెనీ సరుకు ఉండేది అని గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పింది. ఒకడు తమ్ముడి అంగీ పట్టుకున్నాడు. ఆమె అడ్డం పోలేదు. నేనే విడిపించాను. ఊరవతల ఉన్న వ్యవసాయ బోరు మనిషిని బతిమాలి, లారీలో తెచ్చిన తీపి డ్రమ్ములు నింపి ఇంటింటికీ ఇచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆ ముసలమ్మ కొత్త డ్రమ్ము నీళ్ళు మరదలి చేత మొదట తాగించి, ఆ తర్వాత లోపలికి తీసుకుపోయింది.

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప.

దాన్ని కొన్నది ఊరి చివర ఉండే ఆలుమగలు. ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటామె చెప్పింది, "వాళ్ళు పూణె పోయిండ్రు, పనికి. పిల్లలను గూడ తోలుకపోయిండ్రు."

"డ్రమ్మో?"

"ఎంట తీస్కపోయిండ్రు. బిల్డింగు పని కాడ నీళ్ళకు తక్లీఫ్ ఉంటదని గదా కొన్నది."

పూణెలో ఎక్కడో ఆమెకు తెలియదు. తోలుకుపోయిన మేస్త్రీ ఏ ఊరివాడో తెలియదు. దుకాణదారు అతనికీ ఇతనికీ ఫోన్లు చేశాడు. ఒకరు పూణె కాదు బొంబాయన్నారు. మా నంబరు పక్కింటి గోడ మీద బొగ్గుతో రాసి వచ్చాం.

తిరిగొచ్చాక తమ్ముడు డబ్బు కట్టి గళ్ళు పెంచుకున్నాడు. తీపి, ఘాటు వేరువేరుగా పెట్టాడు. దేనికో తప్పకుండా రాయాలని ఫారంలో ఒక గడి పెట్టించాడు. సాఫ్ట్‌వేరు కుర్రాడు తెర ముందు కూర్చొని చిటికెలో చేసి ఇచ్చాడు. "ముందే చెప్తే అయిపోతుండె గద సార్," అన్నాడు. ఆ గడిలో కొనేవాళ్ళు ఒకరు 'అవసరానికి' అని రాసేవారు, ఒకరు చుక్క పెట్టి వదిలేసేవారు. మరదలు అలాంటి ప్రతి నంబరుకూ ఫోను చేసి అడిగేది. చెప్పనివాళ్ళకు సరుకు పంపనిచ్చేది కాదు. దీని మీద ఇద్దరికీ రోజూ గొడవే.

మా ఆఫీసుకు అన్ని జిల్లాల పేజీలూ వచ్చేవి. నేను పొద్దున వెళ్ళగానే పాలమూరు పేజీ తీసేవాణ్ణి. వలస కూలీలు, అస్వస్థత, వాంతులు లాంటి మాటల కోసం సింగిల్ కాలం వార్తలు కూడా వదలకుండా చూసేవాణ్ణి. యార్డు మీదుగా ఇంటికి వెళ్తుంటే మరదలు గేటు దగ్గరికి వచ్చేది.

"వచ్చిందా బావా?"

"రాలేదమ్మా."

అలా చాలా రోజులు నడిచింది. ఒకరోజు నేను కాస్త ధైర్యం చెబుదామని, "ఏమన్న అయితే ఈపాటికి వచ్చేదే గద. ఏం కాలేదనుకో, ఇడిసిపెట్టు," అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది.

"పాలమూరోళ్ళు పూణెల సస్తే ఏ పేపర్ల వస్తది?"

అంతవరకు ఏ డెస్కు మీదా నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. మా పేజీ జిల్లా పొలిమేరతో ఆగిపోతుంది. పూణె పేపరు వాళ్ళకు వీళ్ళు ఎవరో తెలియదు. నేను బండి తీసి ఇంటికి వచ్చేశాను. మరుసటి రోజు నుంచి ఆమె నన్ను అడగడం మానేసింది.

కానీ అడగడం మానలేదు. ముత్తంగి చౌరస్తాలో బొంబాయి, పూణెల నుంచి వచ్చే బస్సులు ఆగితే మూటలతో, పిల్లలతో పాలమూరు జనం దిగేవాళ్ళు. నగరంలోకి పోయే బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చునేవాళ్ళు. యార్డు పని వదిలేసి ఆమె అక్కడికి వెళ్ళేది. ఒకసారి నేను బండి మీద పోతూ ఆగాను. మూటలు, గిన్నెలు, మడత మంచం పెట్టుకొని కూర్చున్న ఒక జంట ముందు ఆమె నిలబడి ఉంది. ఏ ఊరని అడిగింది. ఏ పని కాడ ఉన్నారని అడిగింది. నీలి డ్రమ్ము, ఇంత ఎత్తుది, ఎవరి దగ్గరైనా చూశారా అని చేతులతో చూపించింది.

మగమనిషి తల అడ్డంగా ఊపాడు. ఆడమనిషి మాత్రం రోడ్డవతల యార్డులో పేర్చిన నీలి గుట్టల వైపు చూసి, మళ్ళీ మా మరదలి వైపు చూసింది.

"మాక్కూడ ఒకటి కావాలక్కా," అంది. "ఎంతకిస్తవు?"