కాలర్ తమ్ముడు

పరాయి దేశంలో బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేసి వచ్చిన ఈ దర్జీ, ఇప్పుడు మళ్ళీ అక్క నడిపే కొట్లో తన పాత మిషను ముందు కూర్చుంటున్నాడు. తొక్కితే అదే కిర్రు. నాన్న కత్తెర అదే మేకుకు వేలాడుతోంది. రోజూ పొద్దున్నే దాన్ని తీసి, పిడి తడిమి, మళ్ళీ తగిలిస్తాడు. కాలరైతే కన్ను మూసి తెరిచేలోగా కుట్టేస్తాడు. చొక్కా చేతులు అతికించాల్సి వస్తే మాత్రం బిక్కమొహం వేసుకుని అక్క వైపు చూస్తాడు. ఫ్యాక్టరీలో అతని వంతు కాలరొక్కటే మరి! వెళ్ళకముందు, కుట్టిన చొక్కా మనిషి చేతిలో పడేసి, తలెత్తకుండా ఇంకోటి అందుకునేవాడు. ఇప్పుడు అక్కని పొట్లమే కట్టనివ్వడు.

మొన్న లెక్కల మాస్టారు కుట్టడానికిచ్చిన చొక్కా కోసం వస్తే, "ఒక్కసారి తొడుక్కోండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలాడు. ఆయన నవ్వుకుంటూ తొడుక్కుని, అలాగే వెళ్ళిపోయారు. ఇతను గుమ్మంలో నిలబడి, వీధి మలుపు దాకా ఆయన మెడనే చూస్తూండిపోయాడు.

"ఏం చూస్తున్నావురా? ఇక్కడ పని గుట్టలా పేరుకుపోయింది!" అని కసిరింది అక్క.

"అక్కడ లక్షల కాలర్లు కుట్టానక్కా," అన్నాడు తల తిప్పకుండానే. "ఒక్క మెడా చూడలేదు."