కన్ను తెరవని కాయలు

నా చిన్నప్పుడు నేను అబద్ధాలాడేదాన్నని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మానేసినట్టు మాట్లాడతారేమిటో! మొన్నటికి మొన్న మా గుట్ట పక్కన ప్లాట్లు అమ్మే పెద్దమనిషితో, ఒక విమానం సీతాఫలాల వాసనకు దారి తప్పి గుట్టచుట్టూ మూడు ప్రదక్షిణలు చేసిందని చెప్పాను. ఆయన తలెత్తి ఆకాశం వైపు చూశాడు కూడా. కానీ ఇప్పుడు రాసేది మాత్రం నిజం. ఇది పగ కథ. పగ విషయంలో నేను కల్పించను, మరచిపోను.

మా ఊరు సాతంరాయి అవతల, బెంగళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఊరి వెనక గుట్ట. గుట్ట నిండా సీతాఫలం చెట్లు, మధ్య మధ్య మోదుగలు. మనిషి ఎత్తు దాటని ఆ చెట్లను చూసి ఇదీ ఒక అడవేనా అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనీండి. ఇంట్లో గింజలు అడుగంటి, చేలో జొన్న కంకి ఇంకా పాలమీదున్న రోజుల్లో సగం ఊరికి ఆ గుట్టే అన్నం పెట్టేది. ఆడవాళ్లు కాయలు తెంపి, గడ్డిలో మాగబెట్టి, పండ్లను రోడ్డుపక్కన గంపల్లో పెట్టుకుని అమ్ముకునేవాళ్లు. దానికొక కట్టడి ఉండేది. కన్ను తెరవని కాయను ఎవరూ ముట్టకూడదు. కాయమీది బుడిపెలు ఒకదానికొకటి ఎడమై, మధ్య గీతలు తెల్లబడితే కన్ను తెరిచినట్టు. అంతకుముందే తెంపితే ఎన్ని రోజులు గడ్డిలో పెట్టినా పండదు, నల్లబడి రాయిలా బిగుసుకుపోతుంది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా మా పటేలు గుట్టనంతా పట్నం నుంచి వచ్చిన ఒక పండ్ల సేటుకు అప్పజెప్పాడు. ముందు కాయ, కాయ అయిపోగానే చెట్టు. చెట్లు కొట్టి బొగ్గు కాలుస్తారట. ఆ మాట మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, గుట్ట దగ్గరే సేటు నోటినుంచి విన్నది. రోజూలాగే గంప పట్టుకుని పోయింది, నేను వెంట ఉన్నాను. సేటు గంప లాక్కుని కిందపడేసి, చెప్పుకాలితో తొక్కాడు. వెదురు బద్దలు పటపట విరిగిన చప్పుడు నాకింకా వినబడుతుంది.

"ఇంకోపారి గుట్టెక్కినవనుకో, కాళ్లిరగ్గొడ్త ముసలీ," అన్నాడు.

బాపమ్మ విరిగిన బద్దలు ఏరి కొంగులో వేసుకుంది. అవి పొయ్యిలోకి పనికొస్తాయి కదా అన్నట్టు. నాకు మాత్రం ఒళ్లు భగభగ మండింది.

నా దగ్గరున్న ఆయుధం ఒకటే. మర్నాడు సేటు దగ్గరికి పోయి, గుట్టమీద చిరుతపులి ఉందని, దానికి మూడు పిల్లలని, మా మేకపోతును తిని కొమ్ములు మాత్రం గుమ్మం ముందు పెట్టిపోయిందని చెప్పాను. సేటు బీడీ తీసి నవ్వాడు.

"రానీ పోరీ. తోలు గూడ అమ్ముకుంట."

అంత మంచి అబద్ధం అట్లా మట్టికొట్టుకుపోవడం అదే మొదలు. ఉక్రోషంతో ఇంట్లోంచి కొడవలి తీసుకుని, ఎవరూ చూడకుండా గుట్ట వెనకవైపు ఎక్కి, మంచి కాపుమీదున్న ఒక చెట్టును కసికొద్దీ నరికాను. మాకు దక్కనిది వాడికి మాత్రం ఎందుకు దక్కాలి? నాలుగు కొమ్మలు పడ్డాక నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. బాపమ్మ.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పడిన కొమ్మలకేసి చూసి, "నీ పగ సేటు మీదనా బిడ్డా, చెట్టు మీదనా?" అంది. పేడ, మట్టి తెప్పించి, కలిపి, నరికిన చోటల్లా నాతోనే పూయించింది. పూస్తుంటే నెమ్మదిగా అంది, "పగ వట్టుడు నాకు రాదనుకున్నవా? జూడు నువ్వు."

ఆ మర్నాటి నుంచి తెల్లవారగానే బాపమ్మ ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఖాళీ గంపలతో గుట్ట మొదట్లో వరుసగా కూర్చోవడం మొదలుపెట్టింది. గుట్ట ఎక్కరు, కాయ ముట్టరు, ఎవరినీ ఏమీ అనరు. బతుకమ్మ పాటలు పాడుకుంటూ, ఆకు వక్క నములుతూ, కాయలకేసి చూస్తారు. మూడోనాటికి సేటుకు నిద్ర కరువైంది. దిగి వచ్చి అడిగాడు.

"ఏంది, ఏం జూస్తున్నరు గట్ల?"

"కండ్లు తెరుస్తయేమోనని జూస్తున్నం సేటూ. ఇంక తెరవలే. జర పది దినాలాగు. ఇప్పుడు తెంపితె రాళ్లయితయి," అంది బాపమ్మ.

అక్షరం అక్షరం నిజం. కానీ మాగిన పండ్లు అమ్మడమే తప్ప చెట్టుమీది కాయ సంగతి తెలియని సేటు బాపమ్మ ముఖం చూశాడు, వెనక వరుసగా ఉన్న ఖాళీ గంపలను చూశాడు. పది రోజులు ఆగితే గుట్ట ఖాళీ అవుతుందని లెక్కగట్టుకున్నాడు. "నన్ను ఆగుమని, మీరు దోసుకుందామనా? గింత ఎర్రోని లెక్క కనబడుతున్ననా?" అని గద్దించి, ఆ పూటే పట్నం కూలీలను దింపి గుట్టంతా దులిపేశాడు. బాపమ్మ చివరిదాకా అరుస్తూనే ఉంది, "వద్దు సేటూ, కన్ను తెరవలే!" అని. ఎంత అరిస్తే వాళ్లు అంత వేగంగా తెంపారు.

కాయలు బండ్లకెక్కి పట్నం పోయాయి. రెండు పెద్ద గంపలు పటేలు ఇంటికి కానుకగా పోయాయి. పండుగకు పటేలు కొత్తల్లుడు, వియ్యాలవారు వచ్చి ఉన్నారు. నాలుగు రోజులకు గడ్డి తీసి చూస్తే గంపల నిండా నల్లరాళ్లు. కొత్తల్లుడు ఒకదాన్ని అరుగుకేసి కొట్టాడట, పగల్లేదట. వియ్యపురాలు నోరు కొంగుతో మూసుకుని నవ్విందట. ఇవి నేను చూడలేదు, పటేలింట్లో అంట్లు తోమే అక్క చెప్పింది. ఆమె నాకంటే ఎక్కువ కల్పిస్తుంది కానీ, ఆ నవ్వును మాత్రం నేను నమ్ముతాను. పట్నంలో సేటు సరుకును రోడ్డుమీదే గుమ్మరించారని, వాడు మళ్లీ మా వైపు ముఖం చూపలేదని తెలిసిన రోజు, నాకు పండుగ మళ్లీ వచ్చినట్టయింది.

పటేలు తనే నడిచి మా వాకిట్లోకి వచ్చాడు. అంతకుముందు 'ఏమే ముసలీ' అనే నోరు ఆరోజు "ఏంది అవ్వా, గిట్లెందుకైంది?" అంది.

"నేను జెప్తనే ఉన్న పటేలా, ఇనేటోళ్లేరి?" అంది బాపమ్మ. ఆ వేడిమీదే షరతు పెట్టింది. గుట్టకు కావలి ఆడవాళ్లే ఉంటారు. కొమ్మ నరకరు, నరకనివ్వరు. కన్ను తెరిచిన కాయ వాళ్లది, పటేలు ఇంటికి మొదటి గంప. మళ్లీ వియ్యాలవారి ముందు తలవంచుకోవడం ఇష్టం లేకనేమో, పటేలు సరేనన్నాడు. బొగ్గుబట్టీ మాట మళ్లీ ఎత్తలేదు. అప్పటినుంచి గుట్టను కాచింది ఊరి ఆకలే. మేము చెట్టును కాచాము, చెట్టు మమ్మల్ని కాచింది.

ఇప్పుడు బాపమ్మ లేదు, పటేలు లేడు. విమానాలు మా నెత్తిమీదుగా దిగుతున్నాయి. సగం గుట్టను చదును చేసి ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. మిగిలిన సగానికి మా ఆడవాళ్ల సంఘం కావలి ఉంది, కట్టడి అదే. చదునైన సగం కోసం మాత్రం నేను ఊరుకోదలచుకోలేదు. సీతాఫలం తిన్న ప్రతిసారీ గింజలు కొంగున ముడివేసుకుంటాను. వాన పడగానే సాయంత్రం నడకకు పోయినట్టు పోయి, ఒక్కో రాతి మొదట్లో రెండేసి గింజలు బొటనవేలితో నొక్కి వస్తాను. ఆ ఆకును మేక కూడా ముట్టదు.

పోయిన వానాకాలం ప్లాట్ల పెద్దమనిషి ఆ వరుస మొలకలు చూసి, "ఇవెట్ల మొలిచినయి అక్కా?" అని అడిగాడు.

"నేనే పెట్టిన. నీ రాళ్లు కనబడకుండ కమ్మేయాలని," అన్నాను.

కడుపుబ్బ నవ్వాడు. "నీ ముచ్చట్లు ఎన్నటికి ఒడువయి గద అక్కా," అంటూ పోయాడు. ఇప్పుడవి మోకాలెత్తు దాటాయి.