మా బావ పడవ, మా చెల్లె పసుపు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆర్మూరులో సముద్రం లేదు. పసుపు ఉంది, ఎర్రజొన్న ఉంది, ఊరి నెత్తిన నవనాథుల గుట్ట ఉంది, హైవే మీద పొద్దస్తమానం హారన్లు కొట్టే లారీలు ఉన్నాయి. సముద్రం మాత్రం లేదు. ఈ సంగతి అంగన్‌వాడీ పిల్లలకు కూడా తెలుసు. అయినా మా బావ లింబాద్రి, ఆర్మూరును ఆనుకున్న పెర్కిట్‌లో తన ఇంటి గేటుకు ఒక బోర్డు కట్టించాడు: ‘లింబాద్రి, బోట్ ఇంజనీర్, షార్జా రిటర్న్’. ఆ బోర్డు చూసి మొట్టమొదట నవ్వింది నేనే. దారిన పోయేవాళ్లను ఆపి చూపించి మరీ నవ్వించింది కూడా నేనే.

అతను నా చెల్లెలు జ్యోతిలక్ష్మి మొగుడు. పెళ్లినాటికి మోటారు వైండింగ్ సగం నేర్చుకుని వదిలేశాడు. టైలరింగ్ అందులో సగం నేర్చుకుని వదిలేశాడు. పోనీలే అని నా ఎరువుల దుకాణంలో కూర్చోబెడితే, యూరియా అడిగిన రైతుకు వ్యవసాయం ఎలా చేయాలో పాఠం చెప్పి తన్నుల దాకా తెచ్చుకున్నాడు. చివరికి మా వైపు అందరూ పోయినట్టే గల్ఫ్ పోయాడు. విమానం ఎక్కేటప్పుడు నా చెల్లెలు ఏడ్చింది. నేను ఏడవలేదు.

షార్జాలో పడవలు తయారుచేసే ఏదో కంపెనీలో పని. ఏం పని అంటే సరిగా చెప్పేవాడు కాదు. ఫోటోలు మాత్రం పంపేవాడు. తెల్లటి పెద్ద పడవ, దాని ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నడుం మీద చేతులు వేసుకుని ఈ మహానుభావుడు. పడవ ఏ షేకుదో, కళ్లద్దాలు ఎవరివో! ఫోన్ చేస్తే కోతలకు అంతు ఉండేది కాదు.

“లింగన్న బావా, గిక్కడ నేను చెయ్యి వెట్టి చూసినంకనే బోటు నీళ్లల్ల దించుతరు. ఎర్కేనా?”

తర్వాత అక్కడే పనిచేసి వచ్చిన మోర్తాడ్ ఎర్రన్న నా దుకాణానికి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా బావది గ్రైండర్ పని. కొత్త పడవ అచ్చులోంచి బయటికి వచ్చాక దాని ఒళ్లంతా గీకి నున్నగా చేయాలి. పొద్దున ఎక్కితే మళ్లీ పొద్దుగూకే దాకా తెల్ల దుమ్ములో నిలబడి గీకడమే. ఇంజనీరట, ఇంజనీరు! ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ యూరియాతో పాటు ఈ కబురు కూడా కట్టి ఇచ్చాను.

అతను అక్కడ గీకుతున్న ఏళ్లన్నీ ఇక్కడ నా చెల్లెలు పసుపు పండించింది. ఆడమనిషి ఒక్కతే దుక్కి దున్నించి, కలుపు తీయించి, తవ్వించి, ఉడకబెట్టి, ఇంటి వెనక కల్లంలో ఆరబెట్టుకునేది. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి తానే చూసేది. కూలోళ్లను నమ్మేది కాదు. ఆమె కొమ్ము విరిస్తే లోపల రంగు చూసి బేరగాళ్లే నోరు మూసుకునేవాళ్లు. అన్నిటికీ మించి, మా వాడలో పెళ్లి ఉందంటే చాలు, కొట్నానికి పసుపు జ్యోతిలక్ష్మి ఇంటి నుంచే పోవాలి. ముత్తయిదువలు రోట్లో పోసి దంచే మొదటి పసుపు అది. ఆమె పసుపు రాసుకున్న పిల్ల కాపురం చల్లగా ఉంటుందని ఆడవాళ్ల నమ్మకం. నా చెల్లెలికి ఉన్న ఆస్తి ఏమిటని అడిగితే నేను పొలం పేరు చెప్పను, ఈ పేరు చెప్తాను.

ఈ ఏడు నా కూతురు పూజిత పెళ్లి కుదిరింది. మేనత్త ఇంటి పసుపు, మేనత్త చేత్తోనే మొదట పెట్టాలి. జ్యోతిలక్ష్మి పసుపు తవ్వకముందే నాతో చెప్పింది.

“అన్నా, ఊరందరి పిల్లలకు ఇచ్చిన. గిప్పుడు మన పిల్లకు. గీసారి కొమ్ములు నేనే ఒక్కొక్కటి ఏరుత.”

సరిగ్గా ఆ ఏడే బావ ఇంటికి వచ్చిపడ్డాడు. ఊరికే వచ్చాడా? రావడం రావడమే పోచంపాడు డ్యాం వైపు పోయి, ముప్కాల్ దగ్గర పాత సామాన్ల వాడి దొడ్లో పడివున్న ఫైబర్ పడవ ఒకటి ట్రాక్టర్ ట్రాలీ మీద వేసుకుని వచ్చాడు. అడుగున పిడికిలి పట్టేంత బొక్క. పక్కలు పగిలి దారాలు దారాలుగా పీచు వేలాడుతోంది. లోపల మేకలు పడుకున్న వాసన. వాడంతా గుమిగూడి చూసింది. దాన్ని బాగుచేసి పోచంపాడు నీళ్లలో దించి, ఆదివారం ఆదివారం చూడవచ్చిన జనాన్ని తిప్పుతాడట.

“నీళ్లల్ల మునిగితే ఎవలు తీస్తరు బావా నిన్ను?” అన్నాను.

“నువ్వు ఊకో. నీకు యూరియా తప్ప ఏమెర్క?” అన్నాడు.

పడవను పెట్టడానికి అతనికి దొరికిన చోటు నా చెల్లెలి కల్లం. నాలుగు బండరాళ్ల మీద దాన్ని బోర్లించి పని మొదలుపెట్టాడు. గ్రైండర్ మోతకు బర్రెలు పాలు ఎగబెట్టాయి. తెల్ల దుమ్ము గోడ దాటి ఆరేసిన బట్టల మీద, వండిన అన్నం మీద పడింది. రెసిన్ జిగురు కలిపితే ఆ కంపుకు కళ్లు మండాయి. పక్కింటి వెంకవ్వ గోడ మీదుగా అరిచింది.

“ఓ లింబాద్రీ! మా పోరగాండ్లు ఒల్లంత గోక్కుంటున్నరు. ఏంది గీ దుమ్ము?”

బావ పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. ఒంటి మీద లుంగీ తప్ప ఇంకేమీ లేదు. ముక్కుకు గుడ్డ కూడా లేదు. కనుబొమ్మలతో సహా తెల్లగా అయిపోయి ఉన్నాడు.

“మీ తోలు మెత్తగున్నదవ్వా. నన్ను చూడు, నాకేమన్నయితున్నదా?”

ఆ గొప్ప చూడాలి! ఒంటికి దురద పుట్టకపోవడం కూడా ఒక చదువే అన్నట్టు చెప్పుకున్నాడు. అయినా వెంకవ్వ నోటికి భయపడి, దుమ్ము ఆగడానికి పడవ చుట్టూ పరదాలు కట్టాడు. ఏం పరదాలు అనుకున్నారు? పసుపు ఆరబోసుకోవడానికి నా చెల్లెలు దాచుకున్న తాడిపత్రులు, అదే టార్పాలిన్లు. బుద్ధి ఉన్నవాడు ఎవడన్నా చేసే పనేనా అది?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. పడవ బాగైంది. బొక్క మీద ఫైబర్ గుడ్డ పొర మీద పొర వేసి, రెసిన్ తాపి, మళ్లీ గీకి, అతుకు ఎక్కడుందో తెలియకుండా చేశాడు. తెల్ల రంగు వేసి, పక్కన ఎర్రటి గీత గీశాడు. నేను చూసి, “పెండ్లికి ఊరేగింపు బండి లేదనుకున్నం, దొరికింది” అని ఎగతాళి చేశాను. అతను వినిపించుకోలేదు. అరచేతితో దాని ఒంటిని నిమురుతూ ఉన్నాడు.

పసుపు తవ్వారు, ఉడకబెట్టారు. జ్యోతిలక్ష్మి తాడిపత్రులు అడిగింది. బావ విప్పి, దులిపి, మడతపెట్టి ఇచ్చాడు.

“శుభ్రమేనా?” అని అడిగింది.

“దులిపిన. చేత్తో మొత్తం తడిమి చూసిన. దుమ్ము నలుసంత లేదు, ఫికర్ చేయకు,” అన్నాడు.

ఆమె మొగుడి మాట నమ్మి, వేడివేడి పసుపు వాటి మీదే పోసింది. ఎండిన కొమ్ములు పాలిష్ డ్రమ్ముకు పోకముందే, పూజిత కొట్నానికని మంచివి ఏరి కొత్త గుడ్డలో మూట కట్టి మా ఇంటికి తెచ్చింది. ఆ మూట చూసుకుని ఆమె ముఖం ఎంత వెలిగిందో!

మా వాకిట్లో రోలుకు కంకణం కట్టి, తమలపాకు పెట్టి, ముత్తయిదువలు పాట అందుకున్నారు. దంచారు, జల్లించారు. జల్లెడ పట్టిన వెంకవ్వ ముందుగా మోచేయి గోక్కుంది. తర్వాత ఆమె పక్కనున్నామె. తర్వాత రోకలి పట్టినవాళ్లందరూ. పాట ఆగిపోయింది.

“గీ పసుపుల ఏమో ఉన్నది,” అంది వెంకవ్వ. ఇంకెవరో గొంతు తగ్గించి, “రంగు కలిపిండ్రేమో. గిప్పుడు అందరు కలుపుతున్నరు గదా,” అన్నారు.

 నా చెల్లెలి ఇన్నేళ్ల పేరు ఆ ఒక్క మాటతో మా వాకిట్లో పడిపోయింది. అప్పుడు టెంట్ దగ్గర కుర్చీలు వేయిస్తున్న బావ ఉరికి వచ్చాడు. అంతమంది ఆడవాళ్ల మధ్యలో అంగీ విప్పేశాడు. పళ్లెంలోంచి పిడికెడు పసుపు తీసి చేతులకు, ఛాతీకి, మెడకు, ముఖానికి రుద్దుకున్నాడు.

“నా పెండ్లాం పసుపుల కల్తీనా? ఏది, ఏడ దురద? చూడుండ్రి! కండ్లు పెట్టి చూడుండ్రి!”

పచ్చగా మెరుస్తూ నిలబడ్డాడు. అందరం చూశాం. చాయ్ తాగేంత సేపు చూశాం. అతను ఒక్కసారి కూడా గోక్కోలేదు. జీవితంలో మొదటిసారి మా బావ పనికొచ్చాడని నాకు అనిపించింది. నేను వెంకవ్వ మీదికి లేచాను.

“సాలు ఊకోవే ముసల్దానా! పెండ్లింట్ల గిదేం కూత? జ్యోతీ, నువ్వు కానియ్యి.”

పూజితను పీట మీద కూర్చోబెట్టారు. మేనత్త మొదటి పసుపు పెట్టాలి. జ్యోతిలక్ష్మి చిటికెడు తీసింది. పిల్ల చెంప దాకా పోయిన చెయ్యి ఆగింది. దాన్ని తన మోచేతి లోపల రుద్దుకుని, కాసేపు చూసుకుంది. అక్కడ తోలు ఎర్రగా తేలింది. లేచి మొగుడి దగ్గరికి వచ్చి, అతని అరచెయ్యి పట్టుకుంది.

“తాడిపత్రి చేత్తోని తడిమి చూసినంటివి?”

“అవ్. ఏం తాకలేదు.”

ఆమె తన బొటనవేలి గోరు అతని అరచేతిలో గుచ్చింది. గట్టిగా, తోలు తెల్లబడేదాకా గుచ్చింది. అతను ఆమె ముఖం వైపే చూస్తున్నాడు.

“ఏంది జ్యోతీ? ఏమన్న చెప్పు,” అన్నాడు.

ఆమె చెయ్యి వదిలేసింది. పళ్లెం మీద కొంగు కప్పి, అందరికీ వినపడేట్టు చెప్పింది.

“వెంకవ్వ చెప్పింది నిజమే. నా పసుపుల బోటు దుమ్ము వడ్డది. ఎవ్వరు ముట్టకుండ్రి. కడుక్కోండ్రి చేతులు.”

ఊరందరి పెళ్లిళ్లకు పసుపు పంపిన ఇంటి పిల్లను, పసుపుకు పేరున్న ఆర్మూరులో, కిరాణా షాపు నుంచి తెచ్చిన ప్యాకెట్ పసుపుతో పెళ్లికూతురిని చేశాం. ప్యాకెట్ మూల పంటితో చించింది నేనే. పూజిత మాత్రం, “నువ్వు పెట్టినవ్ గదా అత్తా, సాలు,” అంది. 

పెళ్లయ్యాక నేను ఆమెకు బుద్ధి చెప్పబోయాను. మళ్లీ ఒకసారి కడిగి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టిస్తే ఎవడికి తెలుస్తుంది? నిజామాబాద్ యార్డులో అన్ని కుప్పల మధ్య ఒక కుప్ప.

“ఎవలదో పిల్ల ముఖానికే పోతది గదన్నా,” అంది. ఆ పంట మొత్తం తీసుకుపోయి పడవలో పోసింది. బావే గంపలు మోశాడు. తెల్లగా, ఎర్ర గీతతో మెరిసే ఆ పడవలో అంచుల దాకా పసుపు నిండింది. ఇక ఆ పడవ నీళ్ల ముఖం చూడదు.

నేను తిట్లన్నీ మూట కట్టుకుని ఒక సాయంత్రం అతని ఇంటికి పోయాను. పడవ పక్కన కూర్చుని పసుపు కొమ్ము ఒకటి అరచేతిలో రాస్తూ ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

“షార్జాల మొదట్ల నేను గూడ మస్తు గోక్కున్న బావా. గోక్కుంట ఏడ్సిన. కొన్నాళ్లకు పోయింది. తోలు గట్టివడ్డదని ఖుషయిన, అందరికి చెప్పుకున్న.” కొమ్మును రాయడం ఆపాడు. “మొన్న అది గోరు గుచ్చిందట, నాకు తెల్వలే. గదొక్కటే గాదు. ఇంటికి వచ్చిన కాడికెల్లి జ్యోతి నా చెయ్యి పట్టుకుంటే గూడ తెలుస్తలేదు. చూస్తెనే తెలుస్తది, పట్టుకున్నదని.”

నా నోట్లో తిట్లు సిద్ధంగా ఉన్నాయి. మంచి మంచివి, దుకాణంలో కూర్చుని ఏరుకున్నవి. అన్నీ మళ్లీ మూట కట్టేసుకున్నాను. పడవ అంచు మీద ఆనించిన నా మోచేయి అప్పటికే దురద పెడుతోంది. గోక్కుంటూ బయటికి వచ్చేశాను.

బోర్డు ఇంకా గేటుకే ఉంది. నిన్న ఇద్దరు భీమ్‌గల్ పోరగాళ్లు బండి ఆపి అది చదివి పడీ పడీ నవ్వుతుంటే, చెప్పు చేతిలో పట్టుకుని వాళ్ల మీదికి ఉరికాను. మా బావను చూసి నవ్వడానికి నేనున్నాను. వీళ్లెవరు?