నాలుగు జానల ఒలీవ కర్ర

ఆ కర్ర మా ఇంట్లో తలుపు వెనక ఉంది. దాని మీద ఇంతవరకు ఎవరి బరువూ పడలేదు. క్రిస్మస్‌కు సున్నాలేసినప్పుడు దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను.

అసలు యెరూషలేము పోవాల్సింది నేను కాదు, నాయిన. ఇల్లందులో బొగ్గుబాయి పని దిగిపోయిన నాటి నుంచి ఆయనకు అదొక్కటే కోరిక. మా చర్చి నుంచి ఇరవై మంది యాత్రకు పోతున్నారంటే మొదటి పేరు ఆయనే ఇచ్చాడు. తీరా కాగితాలు పెట్టే నాటికి నాలుగడుగులేస్తే ఆయాసం. నేను బళ్ళో టీచర్‌ను, సెలవుంది. "నాకు బదులు నువ్వు పో బిడ్డా. నీ కండ్లతోని చూసొచ్చి నాకు చెప్పు" అన్నాడు.

"నీకేం తేవాలె నాయినా?" అని అడిగాను.

"ఒలీవ కర్ర. బైబిలు నిండ ఆ చెట్లే ఉన్నయి, ఒక్కసారన్న చేతుల పట్టుకోవాలె. మిషన్ మీద చేసింది తేకు. చేత్తోని చెక్కింది తే. తట్టి చూసి తే."

తట్టి చూడటమంటే ఆయన బతుకే. బాయిలో ఆయన టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కర్రతో కప్పును తట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా మోగితే జనాన్ని లోపలికి పంపేవాడు, డొల్లగా మోగితే వెనక్కి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కొత్త మంచం కొన్నా, తలుపు బిగించినా, ముందు ఆయన తట్టాలి. పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి కూడా తట్టి చూస్తాడని నన్ను అందరూ ఆటపట్టించేవాళ్ళు.

అప్పటికే చండ్ర కట్టెతో ఆయనే చెక్కుకున్న చేతికర్ర ఒకటుంది. అదీ అరిగిపోయింది.

మొదటి మూడు రోజులు మా బస్సులో ఒకటే గొడవ. ముందు సీటు కోసం పెద్ద పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నారు. నేనూ తక్కువ తినలేదు. ఐదో రోజు పొద్దున బస్సెక్కేసరికి ముందు సీటు ఖాళీగా ఉంది. "నువ్వు కూసో అక్కా" అన్నారు. పాస్టరమ్మ తను తెచ్చుకున్న చింతకాయ పచ్చడి సీసా మూత తీసి నా ముందు పెట్టింది. అంతకు ముందు దాన్ని చూడనిచ్చింది లేదు. ఆ నేల మహిమకు మనుషులు మారిపోయారని నవ్వుకున్నాను. డైరీలో కూడా రాసుకున్నాను, నాయినకు చదివి వినిపిద్దామని.

ఆరో రోజు బేత్లెహేము. దుకాణాల నిండా ఒలీవ చెక్క బొమ్మలు. ఒకే అచ్చులోంచి ఊడిపడ్డ ఒంటెలు, గొర్రెలు, పశువుల పాకలు. మావాళ్ళు సంచులు నింపుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది. రెండు వేల మైళ్ళ పైన వచ్చి, మిషన్ కక్కిన ఒంటెలు మోసుకుపోతారా అని పైకే అన్నాను. అలాంటి మాటకు మామూలుగా అయితే నాలుగు తిరిగొచ్చేవి. ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు.

సందు చివర ఒక ముసలాయన కొట్టు దొరికింది. నేలంతా చెక్కపొట్టు, మూల నిలబెట్టిన కర్రలు. బొటనవేలితో తడిమితే ఉలి గాట్లు తగులుతున్నాయి. ఒక్కొక్క కర్రనూ రాతి నేల మీద తట్టి చెవి పెట్టి విన్నాను. ఆయన మొదట నవ్వాడు, తరవాత లోపలికి పోయి ఇంకో నాలుగు తెచ్చాడు. వాటిలో ఒకటి ఖణేలుమంది. ఇదే అన్నాను.

కర్ర పొడుగుంది, కోసిస్తానని సైగ చేశాడు. ఎంత ఎత్తుకు? నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు చూసిన మనిషి చేతికర్ర ఎత్తు నాకు తెలియదు.

"అట్లనే తీస్కోరాదు అక్కా, కొలత దేనికి" అంది పాస్టరమ్మ. నేను వినలేదు. పక్కనే ఫోన్ ఉంటే ఇంటికి చేశాను. అమ్మ ఎత్తింది. వెనక చాలామంది గొంతులు.

"ఏందే గంత మంది?"

"నీ ప్రయాణం కోసమని ప్రార్థన పెట్టినం."

"నాయినకియ్యి."

"తమ్మునితోని దవాఖానకు పోయిండు, మందులకు."

"నాయిన చేతికర్ర ఎత్తెంతనో కొలిచి చెప్పు, జల్దీ."

అటువైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను పోయిందేమోనని రెండుసార్లు కేకేశాను.

"నాలుగు జానలు, మీద నాలుగు వేళ్ళు" అంది అమ్మ. "నా జాన బిడ్డా, నీ జాన కాదు. మంచిది సూసి తే."

సంబరంలో ఆ మాట చెవినెక్కలేదు. నా జానతోనే కొలిచాను. ముసలాయన కోసి, కింద నున్నగా అరగదీసి, గుడ్డలో చుట్టిచ్చాడు. విమానంలో పైన పెట్టనివ్వలేదు. ఎట్లాగో బతిమాలి సీట్ల వెనక పెట్టించాను.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బయట తమ్ముడు చెప్పాడు. యాత్రలో నాలుగో రోజు రాత్రి నాయిన పోయాడు. మర్నాడే సమాధి చేశారు. నేను బేత్లెహేములో కర్రలు తట్టుకుంటూ కూర్చునే నాటికి ఆయన మట్టిలో ఉన్నాడు. బస్సులో అందరికీ తెలుసు. యాత్ర ముగిసేదాకా నాకొక్కదానికే చెప్పొద్దని అమ్మ పాస్టరుగారిని బతిమాలింది. ముందు సీటు అందుకు. పచ్చడి అందుకు.

ఇల్లందు దాకా ఏడవలేదు, కోపంతో బిగుసుకుపోయాను. ఇంట్లోకి పోగానే అమ్మ నా చేతిలోంచి కర్ర తీసుకుంది. గుడ్డ విప్పి, తన పక్కన నిలబెట్టుకుని, పిడి ఎక్కడికొచ్చిందో చూసుకుంది.

"రెండు వేళ్ళు ఎక్కువైంది. నా జాన అని చెప్పిన గద" అంది.

అప్పుడు అరిచాను. "మనిషే లేకుంటే కొలత ఎందుకు చెప్పినవే! పాత కర్ర ముందట పెట్టుకుని ఎట్ల కొలవబుద్ధయింది నీకు?"

"పాత కర్ర యాడున్నది? పెట్టెల ఆయన పక్కనే పెట్టిన" అంది. "ఇద్దరం చర్చికి నడుస్తుంటే ఆ పిడి నాకు గీడికొస్తుండె." కొంగు దోపుకున్న చోటు చూపించింది. "ఫోన్ కింద పెట్టి, ఆన్నుంచి భూమి దాంక జానలు పెట్టుకుంట పోయిన."

కొత్త కర్ర పిడిని ఆ చోటికి ఆనించుకుంది.

"నువ్వు కొలత అడిగినవ్ బిడ్డా. లేనోనికి కొలతెవరడుగుతరు? ఆ కాసేపు నాకు గూడ ఆయన ఉన్నడనే అనిపించింది."

అమ్మ కర్రను నేల మీద ఒకసారి తట్టింది. ఖణేలుమంది. ఇంకోసారి తట్టలేదు, తీసుకుపోయి తలుపు వెనక పెట్టింది.