పేరున్న కంచాలు

నా భార్య పోయిన ఏడాదికి కాకినాడలోనే పెద్దింట్లోంచి రెండు గదుల ఫ్లాటుకి మారాం. మేమంటే నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ. ఫోన్లో వీడియోలు చూసి చూసి అప్పటికే నాకో పిచ్చి పట్టుకుంది. వస్తువులు తగ్గితే మనసు తేలికవుతుందట. తల్లి లేని పిల్ల ఆ సామాన్ల మధ్య కుమిలిపోతోందని, అవన్నీ వదిలించేస్తే తేరుకుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. పిల్లని అడగలేదు. దానికేం తెలుస్తుంది అనుకున్నాను.

ముందు కాగితాలు పోయాయి. డైరీలు, నోటుపుస్తకాలు, వంట చీటీలు, అన్నీ పాత పేపర్లవాడి బండిలో వేసేశాను. తర్వాత చీరలు మా వదినకీ, పనిమనిషికీ ఇచ్చేశాను. పిల్ల కోసం ఎంత నిబ్బరంగా ఉన్నారండీ అని ఆఫీసులో మెచ్చుకుంటే పొంగిపోయాను. నిజానికి ఆ చీరల్ని చూడలేకపోయింది నేను. పిల్ల పేరు చెప్పి నా బాధ వదిలించుకున్నాను.

ఇక మిగిలింది స్టీలు సామాను. మా వైపు కొత్త గిన్నె కొంటే పేరు వేయించకుండా ఇంటికి తేరు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అవి ఇల్లిల్లూ తిరుగుతాయి కాబట్టి మళ్ళీ ఎవరివి వాళ్ళకి చేరాలి. కొట్టువాడు మిషన్ పెట్టి బరబరా గీకేస్తాడు. మా ఆవిడకి ఆ రాత నచ్చేది కాదు. ఇలా ఇవ్వండని మిషన్ తీసుకుని తన పేరు తనే రాసుకునేది. తలకట్టుని పైకి లాగి చివర్న చిన్న వంపు తిప్పేది. మేడం గారు మా పొట్ట కొట్టేలా ఉన్నారని కొట్టువాడు నవ్వేవాడు. పిల్ల అన్నప్రాసన గిన్నె మీద పిల్ల పేరు కూడా తనే రాసింది.

అవన్నీ నా కళ్ళముందు జరిగినవే. అయినా ఓ రోజు పిల్ల స్కూల్లో ఉండగా సామానంతా రెండు గోనెసంచుల్లో కట్టి, ఆటోలో వేసుకెళ్ళి ఆ కొట్లోనే తూకానికి ఇచ్చేశాను. బదులుగా నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు, ఓ కుక్కరు తీసుకున్నాను. పేరు వేయమంటారా అని అడిగితే, ఇద్దరికి పేర్లెందుకండీ అన్నాను.

సాయంత్రం పిల్ల కంచం కోసం అలమర తెరిచి అలాగే నిలబడిపోయింది. పేరున్నవి ఏవని అడిగింది. ఇచ్చేశానని చెప్పాను. ఏడవలేదు.

"అమ్మ రాసింది ఇంట్లో ఇంకేం లేదు నాన్నా. పుస్తకాలు ముందే ఇచ్చేశావు కదా," అంది.

అంతకుముందు రోజూ అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలితో గీస్తూ ఉండేది. తిండి మీద ధ్యాస లేదని ఎన్నిసార్లు కసిరానో. అది వాళ్ళమ్మ రాతని దిద్దుకుంటోందని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, షట్టరు తీయకముందే కొట్టు దగ్గర నిలబడ్డాను.

"నిన్న సాయంత్రమే లోడు వెళ్ళిపోయిందండి. కరిగించేస్తారండి అవి. ఒక్క మాట చెప్పుంటే పక్కన పెట్టేవాణ్ణి కదండీ," అన్నాడు కొట్టతను. అయినా నమ్మలేక వెనక గదిలో మిగిలిన పాత సామానంతా తిరగేశాను. ఊళ్ళో ఆడవాళ్ళందరి పేర్లూ ఉన్నాయక్కడ, మా ఆవిడది తప్ప. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఓ కొత్త కంచం కొని, దాని మీద మా ఆవిడ పేరు వేయించాను. తలకట్టు ఎలా ఉండాలో అతనికి వేలితో గీసి మరీ చూపించాను. కొత్తదని తెలియకుండా ఫ్లాటు మెట్ల మీద బోర్లించి రుద్దాను. పిల్ల రాగానే, ఒక్కటి దొరికిందమ్మా అని చేతిలో పెట్టాను.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పెట్టి చూసింది. ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. నా మొహం చూడకుండా, "ఇది కొట్లో అంకుల్ రాసింది నాన్నా," అంది. కంచాన్ని చున్నీతో తుడుస్తూ, "పర్లేదులే. ఇందులోనే తింటాను," అంది.

తింది కూడా. దెబ్బలాడితే తట్టుకునేవాణ్ణి, అది నన్ను ఓదారుస్తుంటే తట్టుకోలేకపోయాను. తిన్నాక రెండు కంచాలూ తనే కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఆదివారం గది ఊడుస్తుంటే పిల్ల బట్టల బీరువాకి చిన్న తాళం కనిపించింది. లోపలేం దాచుకుందో నాకు తెలియదు. తాళంచెవి స్కూలు బ్యాగులో పెట్టుకుని వెళుతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.