తుండుగుడ్డ కింద ధర

సుందరమూర్తి ఏ కార్డు ధరనూ ఆ కార్డు ముందు నోరు తెరిచి చెప్పడు. చెబితే అది వింటుందట. తక్కువ చెబితే అలుగుతుందట, ఎక్కువ చెబితే పొగరెక్కుతుందట, ఎటైనా దాన్ని ఇంటికి పట్టుకెళ్ళినవాడికే చేటట. ఈ మాటను నవ్వకుండా చెప్పగలిగినవాడు తిరుమంగళంలో ఆయనొక్కడే. నవ్వకుండా వినగలిగింది ఆయన మేనకోడలు కళైసెల్వి ఒక్కతే. ఆమెకు నవ్వు రాక కాదు. ఆయన కార్డుల కొట్లో నవ్వితే, కాసేపటికి వెనక గోదాములోంచి ఆ నవ్వు మళ్ళీ వినిపిస్తుంది.

అది పాత పత్తి గోదాము. తాతల నాటి పత్తి కమీషను వ్యాపారం మూతపడి పన్నెండేళ్ళయినా లోపల పత్తి నూగు ఇంకా తేలుతూనే ఉంటుంది. గాలి వీయనప్పుడు కూడా తేలుతుంది. దూలానికి వేలాడే పెద్ద తక్కెడ, ఎవరూ ఏమీ వేయకుండానే అప్పుడప్పుడు ఒక పక్కకు వంగుతుంది. ఎలుకలని కళైసెల్వి అంటుంది. ఆ ఎలుకను మాత్రం ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు.

పత్తి మనిషి ఆరేళ్ళ క్రితం జపాను కార్డుల్లో, అంటే పిల్లలు ఆడుకునే, మోజున్నవాళ్ళు వేలూ లక్షలూ పోసి కొనే బొమ్మల కార్డుల్లో, ఎలా పడ్డాడంటే, ఆ పాపం కళైసెల్వి తమ్ముడు మదన్‌ది. వాడు మదురైలో మూడు వేలు పోసి కొన్న కార్డును మురిసిపోతూ మామ చేతిలో పెట్టాడు. మామ బొమ్మ వంక చూడనే లేదు. కళ్ళు మూసుకుని, పత్తి పింజను నలిపినట్టు దాని అంచును రెండు వేళ్ళ మధ్య రాసి, "దీనికి ఇద్దరు అమ్మలుండారు రా" అన్నాడు. మదన్‌కు ఒళ్ళు జలదరించింది. ముఖం ఒకచోట, వీపు ఇంకోచోట అచ్చేసి అతికించిన దొంగ కార్డని వారం తర్వాత కోయంబత్తూరులో తెలిసినవాళ్ళు తేల్చారు. అంతే, ఆ రోజు నుంచి మదురై, కోయంబత్తూరు కుర్రకారు బస్సులెక్కి దిగడం మొదలుపెట్టారు.

ఆయనకు జపాను భాషలో ఒక్క అక్షరం రాదు. కార్డుల్లోని జంతువుల పేర్లు అసలే తెలియవు. ఆయన పెట్టుకున్న పేర్లే పేర్లు. ఒకటి కోపం వంకాయ, ఒకటి ముక్కులేని తాత, ఇంకొకటి పెండ్లికి పిలవని అత్త. మూడు లక్షల విలువైన కార్డు కోసం కారు వేసుకొచ్చిన పెద్దమనిషి ఎదుటే, "కళై, పెండ్లికి పిలవని అత్తను తీసకరా పాపా" అంటాడు. పైగా వాటితో తెలుగులోనే మాట్లాడతాడు. ఎందుకని అడిగితే, జపాను మాటా మన మాటా రెండూ అచ్చుతో, నోరు తెరిచే ముగుస్తాయని, అరవం హల్లుతో నోరు మూసేస్తుంది కాబట్టి వాటికి అర్థం కాదని ఆయన సిద్ధాంతం.

ఎండకు రంగు పోతుందని పట్టపగలు కూడా షట్టరు సగమే లేస్తుంది. లోపల నీలం ట్యూబులైటు ఒకటి గుయ్యిమంటూ ఉంటుంది. అరల్లో రెండు వేల కార్డులు, అన్నీ గోడవైపు తిరిగి. పొద్దస్తమానం మనుషుల్ని చూసి వాటి కళ్ళు నొప్పి పెడతాయని ఆయన అలా పెడతాడు. కొత్తగా వచ్చినవాడు రెండు వేల వీపుల మధ్య కూర్చుని, పది నిమిషాలకు తన వీపును ఎవరో చూస్తున్నట్టు వెనక్కి తిరుగుతాడు. ఇది ఒక్కరి విషయంలోనూ తప్పలేదు.

ధర చెప్పే పద్ధతి ఇంకా ఘోరం. పత్తి సంతలో కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని వేళ్ళు నొక్కి బేరమాడేవారు, పక్కవాడికి తెలియకుండా. ఒక వేలు పడితే ఒకటి, చెయ్యంతా పడితే అయిదు, పిడికిలి మూస్తే ఏమీ లేదని. సున్నాలు ఎన్నన్నది సరుకును బట్టి. సుందరమూర్తి కార్డులకూ అదే పెట్టాడు. ఫోనులో ప్రపంచమంతటి ధరలూ చూడగలిగిన కుర్రాళ్ళు, మంచుగడ్డ లాంటి ఆయన చేతిని గుడ్డ కింద పట్టుకుని చెమటలు కక్కేవారు. నలుగురు స్నేహితులు కలిసి వచ్చినా, ఎవడి ధర వాడికే తెలిసేది. బయటికి వెళ్ళాక ఒకణ్ణి చూసి ఇంకొకడు నవ్వడం కళైసెల్వి ఎన్నడూ చూడలేదు. ఎందుకో ఆరేళ్ళుగా ఆమె ఆలోచించనూ లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆరాయి వచ్చింది. మాట్టుతావణి కూరగాయల మార్కెట్‌లో ముప్పై ఏళ్ళుగా మూటలు మోసే మనిషి. వెనకాలే ఆమె మరిది, బంగారు అనేవాడు, ఫోను ఎత్తిపట్టుకుని, వీడియో తీస్తూ.

సంగతి బంగారే చెప్పాడు. ఆరాయి మొగుడు మునియాండి లారీ డ్రైవరు, పోయి ఏడాదయింది. ఆయన నోట్లోంచి వచ్చే మాటను ఇంట్లో ఎవరూ సగానికి మించి నమ్మేవాళ్ళు కాదు. పద్నాలుగేళ్ళ క్రితం చెన్నై హార్బరు నుంచి ఒక జపాను కార్డు తెచ్చి, ఇది లక్ష చేస్తుందని పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మొన్న ఏడాది దినం నాడు నలుగురిలో ఆ మాట వచ్చింది. అన్న బతికినన్నాళ్ళూ కోతలే కోశాడని, దీన్ని కూడా తేల్చి చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో పెడతానని బంగారు పందెం కట్టి వచ్చాడు. ఆరాయి కొంగున దోపుకున్న సంచి ముడి విప్పి, కార్డు తీసి కళైసెల్వికి ఇచ్చింది.

కళైసెల్వి దాన్ని లైటుకు ఎదురుగా పట్టింది. నీలం వెలుగు బొమ్మలోంచి ఇవతలికి వచ్చేసింది. మంచి కార్డయితే వెలుగును అడ్డుకుంటుంది. ఇది దొంగదే, దొంగల్లోనూ నాసిరకం. చచ్చిపోయిన మనిషి మాట మరోసారి చావబోతోంది, అదీ ఈ పెద్దామె ఎదుటే.

సుందరమూర్తి అంచు రాశాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. గోదాములో తక్కెడ గొలుసు కిర్రుమంది. నూగు ఒకటి వచ్చి కార్డు మీద వాలింది, ఆయన ఊదినా లేవలేదు. తుండుగుడ్డ పరిచాడు. ఆరాయికి చెప్పాల్సిన పని లేకపోయింది. వేళ్ళ బేరం ఆమెకు ఆయనకన్నా బాగా వచ్చు. కాయలు కాచిన చెయ్యి తనంతట తానే గుడ్డ కిందికి వెళ్ళింది.

చాలాసేపు గుడ్డ కదలలేదు. తర్వాత రెండుసార్లు కదిలింది. మళ్ళీ నిమ్మళించింది.

"ఏం విలై? ధర నోరు తెరిచి చెప్పండి, రికార్డు కావాల" అన్నాడు బంగారు.

అప్పుడు సుందరమూర్తి ఆరేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. కార్డును తనవైపు తిప్పుకుని, దాని ముఖంలోకి చూస్తూ, కొట్టంతా వినబడేలా చెప్పాడు. "మునియాండి చెప్పిందే విలై. లచ్చ."

ట్యూబులైటు గుయ్యిమనడం ఆపేసింది. లైటు మాత్రం ఆరిపోలేదు.

బంగారు ఫోను దిగిపోయింది, గొంతు తేనెలా మారిపోయింది. అన్న ఎంత గొప్పవాడో ఒక నిమిషం పొగిడి, ఇంకేం, వెంటనే అమ్మేద్దాం వదినా అన్నాడు. తానే పార్టీని చూస్తానన్నాడు.

"అమ్ము, వద్దనలే" అన్నాడు సుందరమూర్తి మెల్లగా. "పద్నాలుగేండ్లు ఒకే ఇంట్లో ఉండిన కార్డు ఇది. అమ్మిన చెయ్యి ఎవరిదో, ఆ ఇంటిని వెతుక్కుంటా వస్తాది. మీ ఇంట్లో బియ్యం డబ్బా ఉండాదా?"

సరిగ్గా అప్పుడే లోపల తక్కెడ ఠంగుమని నేలకు తగిలింది. బంగారుకు హఠాత్తుగా ఊరికి వెళ్ళే వాడిపట్టి బస్సు గుర్తొచ్చింది. వదినను తీసుకెళ్ళాలన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు. సగం షట్టరుకు నుదురు కొట్టుకుని మరీ వెళ్ళాడు.

అతను వీధి మలుపు తిరిగాక ఆరాయి నవ్వింది. కార్డును సంచిలో పెట్టి ముడి వేస్తూ కళైసెల్వితో అంది. "నాకు మొదటి దినమే తెలుసు పాపా. హార్బరులో ఎవడో ఆయప్పను ఏమార్చినాడు. ఇంట్లో లచ్చ ఉండాదని ఆయప్ప పద్నాలుగేండ్లు ధైర్యంగా నిద్రపోయినాడు. నాకు అది సాలదా?" సుందరమూర్తికి చేతులెత్తి దండం పెట్టి వెళ్ళిపోయింది.

గుడ్డ కింద ఏం జరిగిందని కళైసెల్వి నిలదీసింది. తాను పిడికిలి మూశానని ఆయన చెప్పాడు. ఆరాయి ఆ పిడికిలిని తన చేత్తో కప్పి, పసిపిల్లను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టిందట. బయట చెప్పొద్దని వేళ్ళ బేరంలో గుర్తేదీ లేదట, అయినా అర్థమైపోయిందట. చెబుతూ ఆయన తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు, నూగు పడిందని వంక పెట్టి.

నలుగురు స్నేహితులు కలిసి వచ్చి, ఎవరి కార్డుకు పిడికిలి మూసుకుందో తెలియక, ఒకరి ముఖం చూసి ఒకరు నవ్వకుండా వెళ్ళిన రోజులన్నీ కళైసెల్వికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇంత మంచి మనిషి పక్కన ఆరేళ్ళు కూర్చుని ఏమీ తెలుసుకోలేదని ఆమెకు సిగ్గేసింది.

"అయితే కార్డులు వింటాయన్నది సుమ్మా, ఉత్తమాటేనా మామా?"

"కార్డుకు ఏం చెవులు? చెవులుండేది పక్కన కూర్చున్నోళ్ళకు" అన్నాడాయన.

అరల్లో టప్‌మని చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. రెండు వేల వీపుల మధ్య ఒక ముఖం ఇటు తిరిగి ఉంది. పెండ్లికి పిలవని అత్త.

సుందరమూర్తి గబగబా లేచి, చెంపలు వేసుకుని, ఏదో మాటవరసకు అన్నానని దానికి తెలుగులో సంజాయిషీ చెప్పుకున్నాడు. కళైసెల్వికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గోదాము దాకా వెళ్ళకుండా తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, మామ పక్కనే నిలబడి తానూ చెంపలు వేసుకుంది.