చెల్లె కాగితాల్లో లేని అమ్మ

మా ఇంట్లో మోదుగాకు విస్తరి ముందు కూర్చుని భోంచేసి, ఆ సాయంత్రమే మా తాలూకా కేంద్రం రాజురా మైదానంలో మైకు పట్టుకుని ఇవాళ ఒక గోండు గుడిసెలో కడుపునిండా తిన్నానని చెప్పుకున్న పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను.

మొదటి సంగతి, మాది గుడిసె కాదు. పెంకుటిల్లు, ఎడ్ల కొట్టం, జొన్నలు పోసుకోవడానికి వేరే గది. రెండో సంగతి, మేము గోండులం కాదు. మా తాతల కాలం నుంచి అక్కడ పత్తీ జొన్నా పండించుకుంటున్న తెలుగువాళ్లం. ఆ ఇంట్లో గోండు మనిషి ఒక్కతే, మా చెల్లె.

చెల్లెను కన్నతల్లి మా అమ్మతో కలిసి పత్తి ఏరేది. కాన్పయిన పదో రోజున జ్వరంతో పోయింది. ఆ నెలలోనే అమ్మకు ఒక బిడ్డ పుట్టి పోయింది. అమ్మ దగ్గర పాలున్నాయి, అక్కడ పసిపిల్ల ఏడుస్తోంది. ఎవరూ ఎవరినీ అడగలేదు, అమ్మ వెళ్లి ఎత్తుకొచ్చింది. పిల్ల తండ్రి కలప కొట్టే పనికి అడవిలోకి వెళ్లి మళ్లీ రాలేదు. పిల్ల అమ్మమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ ఏడాదికోసారి ఇప్పపువ్వు మూటతో వచ్చి మనవరాలిని చూసుకుని, మా అమ్మ పెట్టింది తిని వెళ్లేది.

మా వాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? పిల్ల నలుపన్నారు. మా బాపు అంతకంటే నలుపు, ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల చేయి తగిలితే పచ్చడి జాడీ చెడిపోతుందన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడిన ఏడాది నుంచి మా ఇంట్లో మామిడికాయ పచ్చడి కలిపే పని చెల్లెదే అయింది. అలా అన్నవాళ్లందరికీ అమ్మ తలా ఒక గిన్నెడు పంపేది. తీసుకున్నారు, తిన్నారు, మళ్లీ అడిగారు కూడా. ఆ విషయం ఇప్పుడు చెప్పినా వాళ్ల మనవలు ఒప్పుకోరు.

బడికి ఆలస్యంగా పోయిన చెల్లె ఏడో తరగతి పాసై, నర్సు ట్రైనింగుకు వార్ధా నది అవతలున్న చాందా పట్నానికి పోతానని పట్టుబట్టింది. అప్పట్లో దానికి ఆ చదువు చాలు. కావలసిందల్లా ఫలానా చోట పుట్టిన ఫలానా వాళ్ల పిల్ల అని ఒక సర్టిఫికెట్. సరిగ్గా అప్పుడే మా తాలూకాను ఆదిలాబాద్ నుంచి విడదీసి నాందేడ్‌లో కలిపారు. ఆదిలాబాద్‌లో అడిగితే ఫైళ్లు నాందేడ్‌కు పోయాయన్నారు. నాందేడ్‌కు పోయిన బాపును, మీ తాలూకా చాందాలో కలుస్తుందట, అక్కడ అడగమన్నారు. చాందాలో మా పాత ఉర్దూ కాగితాలు చదివే గుమాస్తా లేడు. మేమేమో ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు. ఆఫీసులే మా చుట్టూ తిరుగుతూ, తిరగమని మమ్మల్ని అన్నాయి. రెండేళ్లు అలా గడిచాయి. ఆ ఏడు దాటితే ట్రైనింగుకు వయసు దాటిపోతుందని చెల్లె అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట.

నాకప్పటికే పెళ్లయింది. అత్తగారిది సంతలో కిరాణా దుకాణం, అక్కడే మరాఠీ చదవడం నేర్చుకున్నాను. ఆ వారం పుట్టింటికి వచ్చి ఉన్నాను. పట్నం నుంచి మా కులం వ్యాపారి ఒకాయన వచ్చి, పెద్ద నాయకుడు బామ్ని ఊరి దగ్గర వార్ధా దాటి మన వైపు వస్తున్నాడనీ, కొత్తగా కలిసిన తాలూకా కాబట్టి ఆదివాసీల ఇంట్లో భోంచేసి ఫోటో దిగాలనుకుంటున్నాడనీ చెప్పాడు. గోండుల గూడెం రెండు మైళ్ల లోపల ఉంది, జీపు పోదు. పైగా వాళ్ల గిన్నెలు ఎలా ఉంటాయోనని ఆ నాయకుడికి బెంగ. మా ఇల్లయితే బాట మీదే ఉంది, శుభ్రంగా ఉంది, లోపల ఒక గోండు పిల్ల కూడా ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

బాపు లేచి వెళ్లిపోబోయాడు. వ్యాపారి కండువా పట్టుకుని ఆపి, సాహెబు ఒక్క సంతకం పెడితే పిల్ల పని అయిపోతుందన్నాడు. బాపు కూర్చున్నాడు.

నాయకుడు వచ్చే రోజు పొద్దున్నే వ్యాపారి మనుషులు పూసల దండలూ, మోకాలు దాటని ఒక చీరా పట్టుకొచ్చి చెల్లెకు కట్టమన్నారు. పుట్టి బుద్ధెరిగి చెల్లె అలాంటి చీర కట్టలేదు, గోండీలో నాలుగు మాటలు రావు. సంతకం కోసం కట్టుకుంది. మమ్మల్ని లోపలే ఉండమన్నారు, ఫోటోలో పడకుండా. సొంత వంటింట్లో మేము దాక్కున్నాం.

నాయకుడి వంట నాయకుడితోనే వచ్చింది, ఇత్తడి డబ్బాల్లో. చెల్లె చేత దాన్నే విస్తట్లో వడ్డింపజేసి ఫోటో తీశారు. చెల్లె మంచినీళ్ల చెంబు అందిస్తే ఆయన నవ్వుతూ అందుకుని, ఫోటో అవగానే పక్కన పెట్టి, డ్రైవరు తెచ్చిన సీసాలో నీళ్లు తాగాడు. తలుపు సందులోంచి నేను చూశాను. తర్వాత ఆయనకు కూర చప్పగా ఉందనిపించి, ఇంట్లో పచ్చడేమైనా ఉందా అని అడిగాడు. అమ్మ జాడీ పంపింది. మూడుసార్లు వేయించుకున్నాడు. పోయేటప్పుడు ఒక సీసాలో పెట్టించుకున్నాడు కూడా. అది కలిపిన చేయి ఎవరిదో చెప్పాలని నాలుక దాకా వచ్చింది. సంతకం ఇంకా కాలేదని ఆగాను.

జీపు బానెట్ మీద పెట్టి ఆయన గుమాస్తా మరాఠీలో ఉత్తరం రాశాడు, ఆయన సంతకం చేశాడు. చెల్లె దాన్ని లోపలికి తెచ్చి నా చేతికిచ్చింది. పైకి చదివి తెలుగులో చెప్పాను. ఈ పిల్ల గోండు జాతిది, తల్లిదండ్రులు లేని అనాథ, ఒక దయగల కుటుంబం నీడన ఉంటోంది, అని ఉంది.

చెల్లె కాగితం లాక్కుని ఆ పూసలతోనే జీపు దగ్గరికి పరుగెత్తింది. నేను వెనకే వెళ్లాను.

"సాబ్, గిది తప్పు రాసిన్రు. నాకు అమ్మ ఉన్నది, బాపు ఉన్నడు."

నాయకుడికి తెలుగు రాదు. వ్యాపారి చెవిలో చెప్పాడు, ఆయన నవ్వి ఏదో అన్నాడు, వ్యాపారి మాకు తిప్పి చెప్పాడు. సీటు దిక్కులేని గోండు పిల్లలకు ఉంచిందట. మా వాళ్ల పేర్లు రాస్తే చెల్లె రైతు బిడ్డ అవుతుందట, ఆ వరసలో సీట్లు అయిపోయాయట.

"అమ్మ కావాల్నా, సీటు కావాల్నా, నువ్వే సోచాయించుకో," అన్నాడు వ్యాపారి.

గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. "సీటు తీస్కో బిడ్డా. కాగితం మీద లేకుంటే నేనేడికి వోత?"

చెల్లె తీసుకుంది. ఆమెను తప్పుపట్టను, నేనైనా తీసుకునేదాన్నే. ట్రైనింగు చేసింది, చాందాలో ఉద్యోగం వచ్చింది, అక్కడే లాల్‌పేట్‌లో గది తీసుకుంది. సెలవు దొరికితే చాలు ఇంటికొచ్చి, అమ్మ కాళ్లకు నూనె రాసి, ఏటా పచ్చడి తనే కలిపి వెళ్లేది.

అమ్మ పోయిన రోజు నేను టెలిగ్రాం కొట్టాను. చెల్లె తల్లి చనిపోయిందని సెలవు అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా ఆమె సర్వీసు పుస్తకం తీసి చూసి, నీకు తల్లి లేదు కదా, ఎవరు పోయారో సరిగ్గా రాయమన్నాడట. చెల్లె అర్జీ వెనక్కి తీసుకుని, తల్లి అన్న మాట కొట్టేసి, దయగల కుటుంబంలో ఒకరు అని రాసిచ్చింది. దానికి ఒక్క రోజు సెలవిచ్చారు.

చెల్లె పదకొండో రోజు దాకా ఉంది. తిరిగి వెళ్లేసరికి మెమో ఉంది, చెప్పకుండా పది రోజులు ఎందుకు రాలేదో రాతపూర్వకంగా చెప్పమని. ఆమె దాని కింద ఒకే వాక్యం రాసి సంతకం పెట్టింది. మా అమ్మ చనిపోయింది.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి దిగిపోయే దాకా చెల్లె కాగితాలన్నిటిలో అమ్మ ఉన్నది ఆ ఒక్క మెమో కిందే.